చెరకు తోటల నుంచి చిలికా గట్టుకు

చెవిలో గులిమి, పంటి మీద గార

కోస్ట్‌గార్డ్‌లో నావిక్‌గా చేరాలంటే బాగా పరిగెత్తాలి, లెక్కలు రావాలి, ఎత్తు కనీసం 157 సెంటీమీటర్లు ఉండాలి. ఇది కోచింగుకు వెళ్లే ప్రతి కుర్రాడికీ కంఠతా వచ్చు. అభ్యర్థులకిచ్చే సూచనల్లో ఓ మూల ఇంకో మాట ఉంటుంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వైద్య పరీక్షకు వచ్చేముందు చెవుల్లో గులిమి తీయించుకోవాలి, పళ్లకు పట్టిన గార వదిలించుకోవాలి. చదివితే నవ్వొస్తుంది గానీ, గులిమి అడ్డుపడితే డాక్టరుకు కర్ణభేరి కనిపించదు. కనిపించనిదాన్ని బాగుందని ఆయన ఎలా రాస్తాడు?

పచ్చబొట్లకూ ఒక లెక్క ఉంది. ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక ఉంటే ఫరవాలేదు. మిగతా చోట్ల కుదరదు. ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకు మాత్రం సడలింపు ఉంది. అనకాపల్లి జిల్లా చోడవరం నుంచి మాడుగుల దాటి కొండెక్కితే పాడేరు ఏజెన్సీయే కాబట్టి, ఈ నిబంధనతో పని పడే కుర్రాళ్లు మన వైపు ఉన్నారు.

వినాయకుడి ముందు నేర్చిన విద్య

దేహదారుఢ్య పరీక్ష ఇలా ఉంటుంది. 7 నిమిషాల్లో 1.6 కిలోమీటర్ల పరుగు, 20 బస్కీలు, 10 దండీలు. పరుగు వేగం గంటకు 14 కిలోమీటర్లకు కాస్త తక్కువ. సైకిలు మీద తీరిగ్గా వెళ్లేవాడిని దాటిపోవచ్చు.

చోడవరం కుర్రాడికి బస్కీలు కొత్త కావు. ఊళ్లో స్వయంభూ విఘ్నేశ్వరుడు ఉన్నాడు. ఆయన ముందు చెవులు పట్టుకుని గుంజీళ్లు తీయకుండా పెరిగినవాడు ఆ చుట్టుపక్కల దొరకడం కష్టం. చెవులు వదిలేసి అదే పని ఇంకాస్త కిందికి కూర్చుని చేస్తే బస్కీ.

అల వినపడని ఊరు

చోడవరంలో సముద్రం లేదు. తీరానికి ముప్పై నలభై కిలోమీటర్ల లోపల, చెరకు తోటల మధ్య ఉన్న ఊరది. పక్కనే గోవాడలో సహకార చక్కెర కర్మాగారం, ఇటు అనకాపల్లి బెల్లం మార్కెట్, అటు మాడుగుల హల్వా. చుట్టూ అంతా తీపే, ఉప్పు ఊసే లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఈ ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. నోటి అలవాటు మాత్రం అంత తొందరగా మారదు. ‘ఎక్కడ బాబూ మీది?’ అంటే ఇప్పటికీ ‘వైజాగ్ దగ్గర’ అనే అంటారు.

అలాగని సముద్రంతో బొత్తిగా చుట్టరికం లేదనీ కాదు. ఈ ప్రాంతపు నీళ్లు శారదా నదిలో పడి, అనకాపల్లి పక్కగా సాగి, రాంబిల్లి వైపు బంగాళాఖాతంలో కలుస్తాయి. అదే రాంబిల్లి దగ్గర నౌకాదళం ‘వర్ష’ అనే కొత్త స్థావరం కడుతోంది. చోడవరం పొలాల్లో మిగిలిన వాననీరు చివరికి చేరేది ఆ పరిసరాలకే.

రాక్షసులు చేసిన ఉద్యోగం

కోస్ట్‌గార్డ్ నినాదం ‘వయం రక్షామః’. మేము రక్షిస్తాం అని అర్థం. సంస్కృతం తెలిసినవారికి ఈ మాట వినగానే రామాయణం గుర్తొస్తుంది, అదీ రాముడి వైపు నుంచి కాదు. ఉత్తరకాండలో ఒక కథ ఉంది. బ్రహ్మ ముందు నీటిని సృష్టించాడట. ఆ నీటికి కాపలాగా కొన్ని ప్రాణులను పుట్టించి, దీన్ని కాపాడండి అన్నాడట. వాళ్లలో కొందరు ‘రక్షామ’ అన్నారు, ఇంకొందరు ‘యక్షామ’ అన్నారు. మొదటివాళ్లు రాక్షసులయ్యారు, రెండోవాళ్లు యక్షులయ్యారు.

అంటే రాక్షసుల మొట్టమొదటి ఉద్యోగం నీటి కాపలా! ఆ తర్వాత వాళ్లు దారి తప్పడం వేరే కథ. ఈ నినాదం ఎంచినవారి మనసులో ఈ కథ ఉందో లేదో గానీ, నీటికి కాపలా కాసేవారికి ఇంతకంటే పాత మాట దొరకదు. పరేడ్ మైదానంలో నిలబడి దీన్ని గొంతెత్తి పలికే కుర్రాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెబితే బాగుండును. ఇన్‌స్ట్రక్టర్‌ను చాటుగా రాక్షసుడని తిట్టుకునేవాడికి మరీ పనికొస్తుంది.

కదలని ఓడ

నావిక్‌లకు తొలి శిక్షణ ఒడిశాలో, చిలికా సరస్సు గట్టున ఉన్న ఐఎన్ఎస్ చిలికాలో జరుగుతుంది. 1980లో మొదలైన నౌకాదళ శిక్షణ కేంద్రమిది. నౌకాదళం వాళ్లూ కోస్ట్‌గార్డ్ వాళ్లూ అక్కడే తర్ఫీదు పొందుతారు. అంతకుముందు నౌకాదళంలో చేరిన బాలురకు శిక్షణ మన విశాఖపట్నంలోనే, ఐఎన్ఎస్ సర్కార్స్‌లో జరిగేది. చిలికా రాకపోయి ఉంటే చోడవరం కుర్రాడు బస్సెక్కి వెళ్లిపోయేవాడన్నమాట.

ఇప్పుడు అనకాపల్లిలో రైలెక్కాలి. విజయనగరం, పలాస, ఇచ్ఛాపురం దాటి, బరంపురం కూడా దాటాక ఒక చోట కిటికీలోంచి నీళ్లు కనిపిస్తాయి. ఆ నీళ్లకు అవతలి గట్టు కనిపించదు. చాలామంది అదే సముద్రమనుకుంటారు. అది సరస్సు. సముద్రం ఇంకా అవతల, ఇసుక దిబ్బ దాటాక ఉంది.

ఐఎన్ఎస్ అంటే ‘ఇండియన్ నేవల్ షిప్’ కదా, మరి నేల మీద కట్టిన భవనాలను ఓడ అనడమేమిటి? బ్రిటిష్ నౌకాదళం నుంచి వచ్చిన అలవాటది. 1804లో కరీబియన్ సముద్రంలో, మార్టినిక్ దీవి పక్కన నిటారుగా నిలబడ్డ ఒక బండరాయిని బ్రిటిష్ వాళ్లు పట్టుకున్నారు. దాని మీదికి ఫిరంగులు లాగి, ‘డైమండ్ రాక్’ అని పేరు పెట్టి, పద్ధతి ప్రకారం యుద్ధనౌకల లెక్కలో చేర్చేశారు. మర్నాటి ఏడు ఫ్రెంచివాళ్లు వచ్చి తీసుకునేదాకా ఆ రాయి ఓడగానే కొలువు చేసింది. అప్పటినుంచి ఒడ్డున ఉండే నౌకాదళ కేంద్రాలను సరదాగా రాతి ఓడలంటారు.

ఓడన్నాక భాష కూడా ఓడదే. నేల ‘డెక్’, వంటగది ‘గ్యాలీ’, గేటు దాటి బయటికి పోవడం ‘లిబర్టీ’, మరుగుదొడ్డి ‘హెడ్స్’. ఈ చివరి మాటకు కారణం ఉంది. తెరచాప ఓడల్లో ఆ ఏర్పాటు ఓడ తలభాగంలో, ముక్కు దగ్గర ఉండేది. గాలి వెనక నుంచి ముందుకు కొడుతుంది కాబట్టి వాసన ఓడలోకి రాదు. చివరి వారాలకు వచ్చేసరికి ఈ మాటలన్నీ నోట్లో నానిపోతాయి. సెలవుకు ఇంటికొచ్చి ‘అమ్మా, డెక్ తడిగా ఉంది, జారతావు’ అన్నాడంటే శిక్షణ ఒంటబట్టినట్టే.

కోస్ట్‌గార్డ్ మాత్రం ఇక్కడ కాస్త తెలివిగా తప్పుకుంది. దాని పేర్ల ముందు వచ్చే ‘ఐసీజీఎస్’లో చివరి అక్షరం ఓడకైతే ‘షిప్’, ఒడ్డునైతే ‘స్టేషన్’. కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలలో ఉన్నవి రెండో రకం. కోస్ట్‌గార్డ్ లెక్కలో రాష్ట్రమంతా ఒకే జిల్లా, దాని ప్రధాన కార్యాలయం విశాఖలో ఉంది.

నాట్ అంటే ముడి

ఓడ వేగాన్ని ‘నాట్’లలో చెబుతారని బళ్లో చదువుకుంటాం. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. కానీ ఆ మాటకు అర్థం వట్టి ముడి అని ఏ మాస్టారూ చెప్పినట్టు గుర్తు లేదు.

పూర్వం ఓడ వెనక నుంచి చెక్క కట్టిన తాడును నీళ్లలోకి వదిలేవారు. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒకటి చొప్పున ముడులు ఉండేవి. 28 సెకన్ల ఇసుక గడియారం తిరగేసి, ఇసుక అయిపోయేలోపు చేతిలోంచి ఎన్ని ముడులు జారిపోయాయో లెక్కపెట్టేవారు. ఎనిమిది ముడులు జారితే ఎనిమిది నాట్లు. ఇవాళ ఉపగ్రహాలు చెప్పే వేగానికి కూడా ఆ ముడి పేరే మిగిలింది.

ముడుల సంగతి ఎత్తాం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం. చిలికాలో నేర్పే ఓడపనిలో తాళ్లదే పెద్దపీట. రెండు తాళ్ల కొసలు కలిపే ముడి, గుంజకు చుట్టే ముడి, మనిషి నడుముకు వేసినా బిగుసుకుపోని ముడి. ఈ ఆఖరిదానికి ‘బోలైన్’ అని పేరు. నీళ్లలో పడినవాడిని పైకి లాగేటప్పుడు ఉచ్చు బిగిస్తే ఊపిరాడదు, వదులైతే జారిపోతాడు. బోలైన్ ఆ రెండూ చేయదు. ఎంత బరువు లాగినా ఉచ్చు అంతే ఉంటుంది, పని అయ్యాక వేలితో నెడితే ఊడిపోతుంది.

కాన్వెంటులో చదివిన పట్నం కుర్రాడికి ఇవన్నీ బొమ్మల పుస్తకంలో చూసి నేర్చుకునే విద్యలు. చెరకు రైతు కొడుకు సంగతి వేరు. గాలివానకు చెరకు పడిపోకుండా గడలను ఆ చెరకు ఆకుతోనే కలిపి జడచుట్టడం వాడు చిన్నప్పుడే చూశాడు. ఎడ్ల మెడకు పలుపు ఎలా వెయ్యాలో తెలుసు. గొంతుకు బిగుసుకోకూడదు, ఎద్దు విదిలించినా ఊడకూడదు. ఆలోచిస్తే బోలైన్‌కు ఉండాల్సిన లక్షణాలూ ఇవే. తాటిచెట్టెక్కేవాడి మోకు చూసినవాడికి ప్రాణం తాడు మీద పెట్టడమంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. పేర్లు ఇంగ్లీషువి, వేళ్లకు మాత్రం పాత పరిచయమే. పల్లెటూరి పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. అందుకే వాళ్లు మొదటి వారాల్లో అక్కర్లేని బెరుకుతో నిలబడతారని నా ఉద్దేశం.

ఆనపకాయ బుర్ర

ఈత రాకపోతే చిలికాలో కుదరదు. మన వైపు పిల్లలు ఒకప్పుడు ఈత నేర్చుకునేది బావిలో, చెరువులో. వీపుకు ఎండిన ఆనపకాయ బుర్రో, బెండ్ల కట్టో కట్టి నాన్న తోసేసేవాడు. ఈ పద్ధతికి చుట్టం లాంటిది నౌకాదళాల్లోనూ ఉంది. ఓడ మునిగి నీళ్లలో పడితే ఒంటి మీది ప్యాంటే తెప్ప అవుతుంది. దాన్ని విప్పి, కాళ్ల కొసలు ముడేసి, నడుం భాగాన్ని గాలిలోకి ఎత్తి ఒక్కసారి నీళ్ల మీదికి కొడితే గాలి నిండి ఉబ్బుతుంది. దాన్ని మెడకింద పెట్టుకుని తేలొచ్చు. గాలి తగ్గితే మళ్లీ నింపుకోవచ్చు. అమెరికా నౌకాదళం దీన్ని చాలాకాలంగా నేర్పుతోంది.

ఇంకో చిన్న ఊరట. ఉప్పునీరు బావినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. కాబట్టి బావిలో తేలగలిగినవాడు సముద్రంలో ఇంకాస్త సులువుగా తేలుతాడు. ఆ సముద్రం కదలకుండా ఉంటే!

కుక్క కాపలా

ఓడలో రోజును నాలుగేసి గంటల కాపలాలుగా విడదీస్తారు. ఇరవై నాలుగు గంటలకు ఆరు కాపలాలు. మూడు జట్లు వంతులవారీగా కాస్తే ఒకే జట్టుకు ప్రతిరోజూ అర్ధరాత్రి కాపలా పడుతుంది. ఈ అన్యాయం లేకుండా సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న కాపలాను రెండుగా చీల్చారు. అప్పుడు మొత్తం ఏడవుతాయి. ఏడు బేసి సంఖ్య, మూడుతో భాగం పోదు, కాబట్టి వంతు రోజుకోసారి జరుగుతుంది. ఆ రెండు గంటల ముక్కలను ‘డాగ్ వాచ్’ అంటారు. లెక్కల మాస్టారు శేషం గురించి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ వాడితే పిల్లలు నిద్రపోరు. చక్కెర మిల్లులో మూడు షిఫ్టుల పని తెలిసినవారికైతే నైట్ షిఫ్టు బాధ వేరే చెప్పక్కర్లేదు.

అరచేయి దాచే వందనం

సైన్యంలో సెల్యూట్ చేస్తే అరచేయి ఎదుటివారికి కనిపిస్తుంది. నౌకాదళ పద్ధతిలో అరచేయి నేల వైపు తిరిగి ఉంటుంది. తాళ్లకూ చెక్కలకూ తారు పూసి పూసి నావికుల చేతులు నల్లబడేవనీ, ఆ మురికి చేయి అధికారికి చూపించకూడదని అలా వంచారనీ చెబుతారు. బెల్లం వండే గానుగ దగ్గర పనిచేసిన చేతులను చూసినవాళ్లు ఈ కథను ఇట్టే నమ్ముతారు.

హిందీ నేర్పే కాళ్లు

‘సావధాన్’, ‘విశ్రామ్’, ‘దాహినే ముడ్’, ‘తేజ్ చల్’. డ్రిల్ ఆజ్ఞలన్నీ హిందీలో ఉంటాయి. తెలుగు కుర్రాడికి హిందీ ముందు కాళ్లకు వచ్చి, ఆ తర్వాత నోటికి వస్తుంది. హోదాల పేర్ల దగ్గర మాత్రం మనవాడిదే పైచేయి. నావిక్, ఉత్తమ్ నావిక్, ప్రధాన్ నావిక్, అధికారి, ఉత్తమ్ అధికారి, ప్రధాన్ అధికారి. ఇంజిన్ల వైపు యంత్రిక్. నౌకాదళం లాగా ఇంగ్లీషు పేర్లు పెట్టుకోకుండా కోస్ట్‌గార్డ్ సంస్కృతం మాటలు ఎంచుకుంది కాబట్టి, వాళ్లమ్మ కూడా కొడుకు హోదాను తప్పు పలకకుండా చెప్పగలదు.

పర్మినెంటేనా బాబూ?

చిలికా పరేడ్ మైదానంలో పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు నౌకాదళ అగ్నివీర్, ఇంకొకడు కోస్ట్‌గార్డ్ నావిక్ కావచ్చు. చెమట ఒకటే, ఎండ ఒకటే. కానీ 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం సైన్యానికీ నౌకాదళానికీ వైమానిక దళానికీ వర్తిస్తుంది, కోస్ట్‌గార్డ్‌కు కాదు. మొదటివాడి కొలువు నాలుగేళ్లు, ఆపైన కొందరికే కొనసాగింపు. రెండోవాడిది పాత పద్ధతి ఉద్యోగం, మూలవేతనం 21,700 రూపాయలతో మొదలు. ఊళ్లో పెళ్లిళ్ల పేరయ్య అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నాలుగేళ్లు నిండిన అగ్నివీర్లకు కోస్ట్‌గార్డ్ ఖాళీల్లో పది శాతం కేటాయిస్తామని రక్షణ శాఖ 2022 జూన్‌లోనే ప్రకటించింది. కాబట్టి ఆ ఇద్దరూ మళ్లీ ఒకే ఓడ మీద కలవనూవచ్చు.

దొంగబంగారం పుట్టించిన దళం

1960లు, 70లలో పడమటి తీరం మీద బంగారం, గడియారాలు, బట్టలు దొంగతనంగా దిగేవి. కస్టమ్స్ వారికి పడవలు చాలవు, నౌకాదళానికి యుద్ధం పని. దీనికి దారి చూపమని 1974లో కె.ఎఫ్. రుస్తమ్‌జీ అధ్యక్షతన సంఘం వేశారు. సరిహద్దు భద్రతా దళాన్ని మొదటినుంచీ నిలబెట్టిన పోలీసు అధికారి ఆయన. నేల సరిహద్దుకు ఒక దళం ఉన్నప్పుడు నీటి సరిహద్దుకు ఎందుకుండకూడదని తేలింది. 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా, 1978 ఆగస్టు 18న చట్టం ప్రకారం కోస్ట్‌గార్డ్ పుట్టింది. నౌకాదళం ఇచ్చిన రెండు పాత ఫ్రిగేట్లు, ఐదు చిన్న గస్తీ పడవలతో కాపురం మొదలైంది. ఇప్పుడు ఓడలూ పడవలూ కలిపి 150 దాటాయి.

ఓడల మీద కనిపించే ఏటవాలు పట్టీ మాత్రం అరువు ఆలోచనే. అమెరికా కోస్ట్‌గార్డ్ 1967లో దాన్ని మొదలుపెట్టింది. దూరం నుంచి చూడగానే ఇది యుద్ధనౌక కాదు, కాపాడే ఓడ అని తెలియాలి. ఆ తర్వాత చాలా దేశాలు తమ తమ రంగులతో అదే పట్టీ గీసుకున్నాయి.

గణపతిదేవుడి అభయం

తీరాన్ని కాయడం మనకు 1977లో మొదలైన పని కాదు. పూర్వం తుపానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే, దాన్ని ఆ నేలనేలే రాజు స్వాధీనం చేసుకోవడం మామూలు. సరుకు పోగొట్టుకున్న వర్తకుడు ఒడ్డున నిలబడి చూస్తూ ఉండాల్సిందే. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. దిక్కుతోచక వచ్చిన ఓడల సరుకు ఇకమీద మేము లాక్కోం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో మాట ఇచ్చాడు. దాన్ని అభయ శాసనం అంటారు. ఆ మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో ఉంది. నిజాంపట్నం కోస్ట్‌గార్డ్ స్టేషన్ ఉన్నదీ ఆ జిల్లాలోనే.

విశాఖలో పుట్టిన రాణులు

1948లో స్వతంత్ర భారతపు తొలి పెద్ద ఓడ ‘జల ఉష’ను నీట దించిన విశాఖ నౌకా నిర్మాణ కేంద్రమే, నేటి హిందుస్తాన్ షిప్‌యార్డ్, కోస్ట్‌గార్డ్ కోసం ఐదు గస్తీ ఓడలు కట్టింది. ఐదుగురికీ రాణుల పేర్లే. రాణి అబ్బక్క, అవంతీబాయి, దుర్గావతి, గైదిన్‌ల్యూ, రాష్‌మొని. మొదటిది 2012లో, చివరిది 2018లో విధుల్లో చేరాయి.

రాష్‌మొని కత్తి పట్టిన రాణి కాదు. పంతొమ్మిదో శతాబ్దపు కలకత్తా జమీందారిణి, దక్షిణేశ్వర్ కాళికాలయం కట్టించిన ఇల్లాలు. గంగలో చేపలు పట్టే జాలర్ల మీద కంపెనీ ప్రభుత్వం పన్ను వేస్తే, ఆమె డబ్బు కట్టి నదిలో కొంత భాగాన్ని కౌలుకు తీసుకుందనీ, నా భాగం నా ఇష్టమంటూ ఇనప గొలుసులు అడ్డం కట్టించి ఓడలు ఆపేసిందనీ చెబుతారు. పన్ను రద్దయ్యాకే గొలుసులు తీయించిందట.

2019 ఆగస్టు 12న విశాఖ తీరానికి కాస్త దూరంలో ‘కోస్టల్ జాగ్వార్’ అనే ఓడకు మంటలంటుకున్నాయి. అందులో ఉన్న 29 మంది ప్రాణాలు దక్కించుకోవడానికి నీళ్లలోకి దూకారు. వెళ్లి 28 మందిని పైకి లాగినది ఐసీజీఎస్ రాణి రాష్‌మొని. ఒకరు దొరకలేదు. విశాఖలో కట్టిన ఓడ, విశాఖ కళ్లముందే, జాలర్ల పక్షాన నిలబడ్డ మనిషి పేరుతో చేసిన పని అది. చిలికా నుంచి బయటికొచ్చే కుర్రాడికి ఇలాంటి ఓడ మీద పోస్టింగ్ పడితే, బోలైన్ ఎందుకు నేర్పారో మొదటి ప్రమాదంలోనే తెలుస్తుంది.

పాదముద్ర వేసిన సిపాయి

మనకు చిలికా ఉన్నట్టే, అమెరికాలో కోస్ట్‌గార్డ్ రిక్రూట్ల తొలి శిక్షణ న్యూజెర్సీలోని కేప్ మేలో, ఎనిమిది వారాలు. అక్కడివారు మురిపెంగా చెప్పుకునే పేర్లలో ఒకటి సింబాద్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ‘క్యాంప్‌బెల్’ ఓడ మీద కొలువు చేసిన నాటుకుక్క. చేరేటప్పుడు కాగితాల మీద సంతకం బదులు పంజా ముద్ర వేయించారు. గ్రీన్‌లాండ్‌లో గొర్రెలను తరిమినందుకు ఒడ్డుకు దిగకూడదని శిక్ష కూడా పడింది.

తాబేళ్లకు కాపలా

మనవాళ్లకు శిక్షణ జరిగే చిలికా కూడా సామాన్యమైన చోటు కాదు. 1981లో రామ్‌సర్ ఒప్పందం కింద మన దేశం నుంచి మొదట గుర్తింపు పొందిన రెండు చిత్తడి నేలల్లో చిలికా ఒకటి. చలికాలంలో సైబీరియా, మంగోలియాల నుంచి లక్షల పక్షులు దిగుతాయి. ఇరావతి డాల్ఫిన్లు కూడా ఉన్నాయి. వాటికి ముక్కు పొడుగ్గా ఉండదు, గుండ్రటి తల. సరస్సుకు దక్షిణంగా, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట లక్షల సంఖ్యలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. వలల్లో చిక్కి అవి చనిపోకుండా ఒడిశా తీరంలో కోస్ట్‌గార్డ్ ఏటా నవంబరు నుంచి మే దాకా గస్తీ కాస్తుంది. దానికి ‘ఆపరేషన్ ఒలివియా’ అని పేరు. తుపాకీ పట్టడం నేర్చుకున్నవాడి మొదటి డ్యూటీ తాబేలుకు అంగరక్షణ కావచ్చు.

మేడే అంటే మే నెల కాదు

ప్రాణాపాయంలో రేడియోలో మూడుసార్లు పలికే మాట ‘మేడే’. 1923లో లండన్ శివారు క్రోయిడన్ విమానాశ్రయంలో రేడియో అధికారి ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్ దీన్ని ఎంచాడు. అక్కడి రాకపోకలు ఎక్కువగా పారిస్‌తో. ఫ్రెంచిలో ‘నాకు సాయం చేయండి’ అనే మాట చెవికి ఇలాగే వినిపిస్తుంది. ఓడల రేడియోలో ఈ కేక వినడానికి 16వ చానెల్ ఎప్పుడూ తెరిచి ఉంచుతారు. పూడిమడకలో వేటకెళ్లే మత్స్యకారుడికి ఇంకా సులువైన దారి ఉంది. సెల్‌ఫోన్‌కు సిగ్నల్ ఉన్నంతవరకూ 1554కు కొడితే కోస్ట్‌గార్డ్ పలుకుతుంది.

సూర్యాస్తమయం తర్వాత

పాసింగ్ అవుట్ పరేడ్‌ను అక్కడ అందరూ ‘పీఓపీ’ అంటారు. మన దేశంలో అది పొద్దున్న జరగడమే రివాజు. 2023 మార్చి 28న చిలికాలో తొలి అగ్నివీర్ల పరేడ్ మాత్రం పొద్దు గుంకాక, దీపాల వెలుగులో జరిపారు. మన సాయుధ దళాల్లో అలా చేయడం అదే మొదలు. ఆ రోజు సుమారు 2,600 మంది నడిచారు, వారిలో 273 మంది అమ్మాయిలు. పరుగుల రాణి పి.టి. ఉష అతిథుల్లో ఉన్నారు.

చివరి వారాల్లో రోజంతా దీని సాధనే. చెయ్యి ఎంత ఎత్తు లేవాలి, మడమ ఎక్కడ పడాలి, పక్కవాడి భుజం కంటి కొసకు ఎంత కనపడాలి. మొదట్లో నిద్ర చాలక ఏడ్చినవాడు ఇప్పుడు రాత్రి పడుకునేముందు బూట్లకు మెరుగు పెడుతూ కూర్చుంటాడు. ఇంటికి ఫోన్ చేసినా మాట అదే. ‘నాన్నా, మీరు ముందే వచ్చి ముందు వరసలో కూర్చోండి, అందరం ఒకలాగే ఉంటాం, గుర్తుపట్టలేరు.’ ఆయన అనకాపల్లిలో రాత్రి రైలెక్కుతాడు. వెంట వచ్చే అమ్మ సంచిలో మాడుగుల హల్వా పొట్లాలు, కొడుక్కొకటి, వాడి స్నేహితులకు నాలుగు. తీరా మైదానంలో కొడుకును గుర్తుపట్టేది నడకను బట్టి కాదు, చెవులను బట్టి. అంత పొట్టిగా జుట్టు కత్తిరించాక మిగిలి కనిపించేవి అవే కదా!

నెల్సన్ బకెట్టు

పీఓపీ అయిందంటే అంతా అయిపోయిందని కాదు. తర్వాత ఓడ మీద శిక్షణ, ఆపైన ఎవరి విద్య వారికి. అసలు సముద్రం అప్పుడు మొదలవుతుంది. ఓడ ఊగడం మొదలుపెట్టగానే కడుపు తిప్పుతుంది. చెవి లోపలి ద్రవం కదులుతున్నామని చెబుతుంది, గది గోడను చూసే కన్ను కదలడం లేదని చెబుతుంది, ఆ తగాదాలో నలిగేది పొట్ట. డెక్ మీదికొచ్చి దూరంగా ఆకాశం నీళ్లను తాకే గీతను చూస్తూ నిలబడితే కన్నూ చెవీ రాజీకొస్తాయి. ట్రఫాల్గర్ యుద్ధం గెలిచిన అడ్మిరల్ నెల్సన్‌కు బతికినన్నాళ్లూ ఈ బాధ తప్పలేదు. పన్నెండో ఏట చేరి, పేరుమోసిన సేనాపతి అయ్యాక కూడా గాలి తిరిగితే వాంతులే. కాబట్టి చోడవరం కుర్రాడు తొలి ప్రయాణంలో బకెట్టు పక్కన పెట్టుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఊరి నుంచి తెచ్చుకున్న బెల్లం ముక్క, అల్లం ముక్క జేబులో ఉంటే మరీ మంచిది.